సిడ్నీ హెచ్ఎస్‌సీలో బడి ర్యాంకు, క్లాసు ర్యాంకు ఫైనల్ మార్కుల్ని ఎంత కదుపుతాయి?

కొర్లగుంట మామ (తిరుపతి):

మా అక్కావాళ్లు సిడ్నీలో ఉంటారు. అక్కడ పన్నెండో క్లాసు ఆఖర్లో రాసి తెచ్చుకునే సర్టిఫికెట్టే హెచ్ఎస్‌సీ. అబ్బోడు ఈ ఏడు పదో క్లాసు, వచ్చే జనవరి ఆఖర్లో పదకొండు. ఇంటి పక్క మామూలు ప్రభుత్వ బడిలో క్లాసు ఫస్టు. సెలెక్టివ్ బడిలో, అంటే ప్రతిభ చూసి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ బడిలో సీటు దొరికేలా ఉంది గానీ, అక్కడ చేరితే నలభయ్యో యాభయ్యో ర్యాంకు అంటున్నారంట. రోజూ రాత్రి ఫోన్లో ఇదే పంచాయతీ. బడి పేరే మార్కులు తెస్తుందని బావ. క్లాసులో ముందుంటేనే మార్కులు కలుస్తాయని అక్క. మన టెన్త్‌లో 600కి ఎన్ని రాస్తే అన్నే. బడి ర్యాంకు లీలామహల్ సర్కిల్ ఫ్లెక్సీల దాకానే గదా. అక్కడ నిజంగానే లెక్కలో కలుపుతారా? ఎట్ట కలుపుతారో అంకెలతో చెప్పండి సామీ.

లెక్కలయ్యోరు:

బడి ర్యాంకు ఎక్కడా కలవదు. క్లాసు ర్యాంకు కలుస్తుంది, కానీ మీ అక్క అనుకునే పద్ధతిలో కాదు.

ఒక్కో సబ్జెక్టు ఫైనల్ మార్కులో సగం పబ్లిక్ పరీక్షది, సగం బడిలో పన్నెండో క్లాసంతా పెట్టే అసెస్‌మెంట్‌ది. బడి పంపిన మార్కుని ఉన్నదున్నట్టు వేసుకోరు. మన టెన్త్‌లో 2019లో ఎత్తేసిన 20 ఇంటర్నల్ మార్కులు నేరుగా కలిసిపోయేవి, అందరికీ 19 వేసినా అవే ఖాయం. అక్కడ ఆ ఆట సాగదు. పరీక్షలు నడిపే నెసా అనే సంస్థ, బడి మార్కుల్ని ఆ బడి పిల్లలే పబ్లిక్ పరీక్షలో తెచ్చుకున్న మార్కులకి సరిపెడుతుంది. దీన్నే మోడరేషన్ అంటారు. షరతులు మూడు: ఆ బడి అసెస్‌మెంట్ల సగటు, పరీక్ష సగటుతో సమానం కావాలి. అసెస్‌మెంట్ ఫస్టుకి ఆ బడిలో ఎవరో ఒకరికి వచ్చిన అత్యధిక పరీక్ష మార్కు పడుతుంది. ఆఖరివాడికి, వీలైనంతవరకు, అత్యల్ప మార్కు. మధ్యలోవాళ్ల వరస మారదు, వాళ్ల మధ్య ఎడం ఎంతెంతో అదీ చాలావరకు నిలుస్తుంది.

ఒక సబ్జెక్టులో అయిదుగురున్నారనుకోండి. బడి ఇచ్చినవి వరసగా 80, 74, 66, 60, 50. పరీక్షలో వాళ్లకే వచ్చినవి 86, 90, 78, 74, 62. బడి సగటు 66, పరీక్ష సగటు 78. సరిపెట్టాక అసెస్‌మెంట్లు ఇట్ట మారతాయి: 90, 86, 79, 73, 62. కూడి చూసుకోండి, 390. పరీక్ష మొత్తమూ 390.

ఇప్పుడు పైవాళ్లిద్దర్నీ చూడండి. రెండో ర్యాంకువాడు చెమటోడ్చి తెచ్చిన 90 ఒకటో ర్యాంకువాడి ఖాతాలో అసెస్‌మెంటుగా పడింది. ఒకటోవాడికి 86, 90 కలిసి సగటు 88. రెండోవాడికి 90, 86 కలిసి అదే 88.

బడి అయ్యోరు పిసినారి అయినా ధారాళం అయినా ఒకటే. అందరికీ పదేసి పెంచినా ఈ ఫలితం మారదు.

ఎయిర్ బైపాస్ బాబాయ్:

ఇంత లెక్క ఎందుకన్నా. పిల్లోడు ఫైనల్లో బాగా రాస్తే ర్యాంకు ఏదైతే ఏం? బలహీనమైన బడిలో ఉంటే మాత్రం ఫస్టువాణ్ణి కూడా కిందికి లాగేస్తారు, అందుకే అందరూ పెద్ద బడికి ఎగబడేది.

లెక్కలయ్యోరు:

ఆ రెండు మాటలూ తప్పే బాబాయ్. పై అయిదుగురిలో మొదటి ఇద్దర్నీ కదపకుండా, కింది ముగ్గురు మాత్రం పరీక్ష చెడగొట్టి 60, 50, 40 తెచ్చుకున్నారనుకోండి. మొత్తం 326కి పడిపోయింది. ఇప్పుడు సరిపెడితే అసెస్‌మెంట్లు 90, 78, 64, 54, 40.

ఫస్టువాడి 90 అట్టనే ఉంది. దెబ్బ తగిలింది రెండోవాడికి: పరీక్షలో అదే 90, బడిలో అదే 74, అయినా అసెస్‌మెంట్ 86 నుంచి 78కి జారింది, ఫైనల్ 88 కాస్తా 84 అయింది. బలహీనమైన బడిలో నష్టపోయేది తోపు విద్యార్థి కాదు, తోపు వెనకాల ఉన్నవాడు. వాడికీ మొదటివాడికీ ఎడం 6 కాకుండా 1 అయ్యుంటే ఈ నష్టం దాదాపు ఉండేది కాదు. అందుకే ర్యాంకు ఎంత అనేకన్నా పైవాడికి ఎంత దూరంలో ఉన్నాడని అడగాలి. కాకపోతే బడులు పిల్లలకి ర్యాంకు చెబుతాయి, ఫైనల్‌గా పంపిన అసెస్‌మెంట్ మార్కు చెప్పవు. టాస్కుల (అసెస్‌మెంట్‌లో భాగంగా బడి పెట్టే ఒక్కో పని, పరీక్ష) మార్కులు దాచిపెట్టుకుని, వాటి వెయిటేజీతో ఇంట్లోనే కూడుకోవాలి.

ఇంకో మాట. ఒక్క పిల్లోడికి పరీక్ష మార్కు అసెస్‌మెంట్‌కి బొత్తిగా పొంతన లేకుండా వస్తే, మిగతావాళ్ల లెక్క చెడకుండా అతన్ని పక్కన పెట్టి సరిపెడతారు. ఒక్కడు జ్వరంతో తప్పితే క్లాసంతా మునిగిపోతుందనే భయం అక్కర్లేదు.

గ్రీమ్స్‌పేట అక్క (చిత్తూరు):

బడి పేరు విషయం. పేపర్లో వచ్చే బడుల వరస ప్రభుత్వం ఇచ్చేది కాదు. పిల్లలు రాసిన పరీక్షల్లో ఎన్నిటికి 90 లేదా ఆపైన, అంటే బ్యాండ్ 6 వచ్చిందో లెక్కేసి పత్రికలే వేసుకుంటాయి. జేమ్స్ రూస్ బడి 1996 నుంచి ఏటా ఒకటో స్థానంలో ఉండి, 2023లో నార్త్ సిడ్నీ బాయ్స్‌కి ఇచ్చేసింది. అదే ఏడు జేమ్స్ రూస్‌లో రాసిన పిల్లలకి దానివల్ల ఒక్క మార్కూ పోలేదు.

యూనివర్సిటీ సీట్లకి చూసే ఏటార్ వేరే సంగతి. అది మార్కు కాదు, వరసలో నీ స్థానం, గరిష్ఠం 99.95. ఇంగ్లీషు 2 యూనిట్లు తప్పనిసరిగా కలిపి, మంచివి 10 యూనిట్లు తీసుకుంటారు (మామూలు సబ్జెక్టు ఒక్కోటి 2 యూనిట్లు). స్కేలింగ్ అనేది సబ్జెక్టుని బట్టి, ఆ సబ్జెక్టు రాసినవాళ్లు మిగతా సబ్జెక్టుల్లో ఎంత గట్టివాళ్లో చూసి చేస్తారు. బడిని బట్టి కాదు. తేలికైన మ్యాథ్స్ స్టాండర్డ్‌లో 90 వచ్చినా, అంతకన్నా కష్టమైన అడ్వాన్స్‌డ్‌లో 90 వచ్చినా పత్రికల లెక్కలో రెండూ బ్యాండ్ 6. ఏటార్‌లో రెండూ ఒకటి కావు.

ఇక అబ్బోడు చూసుకోవలసింది. పదకొండో క్లాసు మార్కులు హెచ్ఎస్‌సీలో కలవవు. పన్నెండో క్లాసు పాఠాలు పదకొండు ఏడాదిలోనే, అక్టోబర్‌లో మొదలవుతాయి. మామూలుగా ఒక్కో సబ్జెక్టుకి నాలుగు టాస్కులకి మించవు, ఒక్కోదానికి 10 నుంచి 40 శాతం. వాటిలో రాతపరీక్ష ఒక్కటే, అది 30 శాతం దాటదు. ట్రయల్ పరీక్ష (ఫైనల్‌కి ముందు బడిలోనే పెట్టే నమూనా పరీక్ష) ఒక్కటే గట్టిగా రాస్తే చాలనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: మిగతా 70 శాతం అప్పటికే అయిపోయి ఉంటుంది. కారణం చూపకుండా ఆలస్యంగా ఇస్తే చాలా బడుల్లో సున్నా. 20 శాతం టాస్కులో సున్నా పడితే, 80 తెచ్చుకునేవాడికి 16 పోతాయి. ర్యాంకు ఎక్కడికో జారుతుంది. ఒంట్లో బాగాలేకపోతే డాక్టర్ కాయితం ఆ రోజే, లేదా బడి పెట్టిన గడువులోపల ఇవ్వాలి.

మారాలంటే పదకొండు మొదట్లోనే మారాలి. పన్నెండు మధ్యలో మారితే పాత బడి టాస్కు మార్కులు కొత్త బడి వరసలో నేరుగా కలవవు.

కొర్లగుంట మామ:

అర్థమైంది. అంటే బావ, అక్క ఇద్దరూ సగం సగం. ఒక్క డౌటు: పక్క బడిలో మ్యాథ్స్ ఎక్స్‌టెన్షన్ 2 (అన్నిటికన్నా కష్టమైన మ్యాథ్స్) తీసుకునేవాళ్లు ముగ్గురే అంట. వీడొక్కడే మిగిలితే?

లెక్కలయ్యోరు:

ఒక్కడే ఉంటే సరిపెట్టడానికి పక్కన ఎవరూ లేరు గాబట్టి పరీక్ష మార్కే అసెస్‌మెంట్ అవుతుంది. రెండు సగాలూ ఒకే రోజు మీద ఆధారపడతాయి. ముగ్గురిలో ఫస్టుగా ఉంటే, పరీక్షలో తను జారినా వెనకవాడు 90 తెస్తే ఆ 90 వీడికి అసెస్‌మెంటుగా దక్కుతుంది. వెనకవాళ్లూ జారితే ఆ ఆసరా ఉండదు. సెలెక్టివ్ బడిలో ఒక సబ్జెక్టుకి వందమంది కూడా ఉండొచ్చు, నలభయ్యో ర్యాంకువాడికి దాదాపు నలభయ్యో పరీక్ష మార్కుకి దగ్గర్లో పడుతుంది. అక్కడ ఆ మార్కు ఎంతన్నది బడినే అడగమనండి: గత రెండేళ్లలో ఒక్కో సబ్జెక్టులో బ్యాండ్ 6, బ్యాండ్ 5 (80 నుంచి 89) ఎందరికి వచ్చాయని. 40వ వాడు 88 దగ్గర ఉంటే ఒక మాట, 79 దగ్గర ఉంటే ఇంకో మాట.

గ్రీమ్స్‌పేట అక్క:

రానూపోనూ ఎంతసేపో కూడా అడగమను. రోజుకి మూడు గంటలు రైల్లో కూర్చుంటే టాస్కులు ఎప్పుడు రాస్తాడు?