అప్‌డేట్: గ్రాఫీన్ కలిపిన ఎపాక్సీ ఎందుకు పెళుసుగా విరిగింది?

ఎపాక్సీలో (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ప్లాస్టిక్‌లో) 2 శాతం గ్రాఫీన్ (అతి పలుచని కార్బన్ రేకులు) కలిపితే బలం పెరగకపోగా ముక్కలు పెళుసుగా విరుగుతున్నాయని అడిగాను కదా. మీరన్నది నిజమే, తప్పు గ్రాఫీన్‌ది కాదు, నాదే. దాని రేకులు వాండర్‌వాల్స్ ఆకర్షణతో (అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణతో) ఒకదానికొకటి అతుక్కుని, సరిగా కలపని ఉప్మాలా ఉండలు కట్టాయి. పగులు అక్కడే మొదలైంది.

ఈసారి 0.2 శాతమే తీసుకుని, అసిటోన్ అనే ద్రావకంలో అల్ట్రాసౌండ్‌తో రేకులను విడదీసి, రెసిన్‌లో కలిపాను. అసిటోన్ పూర్తిగా ఆవిరయ్యాకే హార్డెనర్ పోశాను. అసిటోన్ మిగిలితే ఎపాక్సీ మెత్తబడుతుంది. ఓపికకు పరీక్ష అంటే ఇదే!

విశాఖ తేమను మాత్రం మరిచాను. హార్డెనర్‌లోని అమైన్ అనే రసాయనం గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన జిడ్డు పొర కట్టింది. ఏసీ గదిలో మళ్లీ పోస్తే పొర రాలేదు. వంచి చూస్తే ఉత్త ఎపాక్సీ కంటే గట్టిగానే నిలిచింది. గ్రాఫీన్ విద్యుత్ వాహకమే అయినా, ఈ ముక్కలో విద్యుత్తు మాత్రం ఇంకా పారడం లేదు.