చెట్టు కొట్టే పనికి స్పైకులు: పొడుగు గాఫా, పొట్టి గాఫా?

కొత్త_కొమ్మ
పైనుంచి ముక్కలుగా కోసి దించే పనికి మొదటి జత స్పైకులు (చెట్టెక్కడానికి కాళ్లకి కట్టుకునే ఇనుప ముళ్లు) కొనాలి. తాడు మీద ఎక్కడం అలవాటే. అరువు జతతో ఎక్కితే మోకాలి కింద లోపలివైపు ఎముక నొప్పెడుతోంది, మధ్యలో కాలు జారుతోంది. లోపం స్పైకులదా, వాడకానిదా?

మోకు_ముడి
ముందు బెరడు చూసుకోండి. పొడుగు గాఫ్ (మానులో గుచ్చుకునే మొన) సుమారు రెండు ముప్పావు అంగుళాలు, ముదురు పైన్ లాంటి మందపాటి బెరడుకి. పొట్టిది అంగుళంన్నర పైచిలుకు, పల్చటి బెరడుకీ గట్టి కర్రకీ. మందపాటి బెరడులో పొట్టి గాఫ్ కర్రదాకా దిగదు, బెరడు పెచ్చు ఊడితే కాలూ దానితోపాటే వస్తుంది. పల్చటి బెరడు మీద పొడుగుదైతే పాదం మానుకి దూరంగా నిలిచి చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. గాఫ్ విడిగా మార్చుకునే రకం కొంటే ఒక్క షాంక్‌తో (కాలి పక్కన నిలిచే లోహపు కడ్డీ) రెండు పనులూ అవుతాయి.

నొప్పి మాత్రం కొలతది. షాంక్ పైకొస మోకాలి మడతకి రెండు వేళ్ల కిందే ఆగాలి. పిక్కని చుట్టి పట్టే వెడల్పు ప్యాడ్ తీసుకోండి. బూటుకి గట్టి మడమ, అడుగున స్టీలు పట్టీ ఉండాలి. మెత్తటి అడుగైతే స్టిరప్ (షాంక్ కిందికొస పాదం అడుగున వంగే భాగం) పాదం వంపులోకి గుచ్చుకుంటుంది.

ఆకురాయి
జారడానికి ఎక్కువసార్లు కారణం మానుని కౌగిలించుకోవడం. భయం వేయగానే మోకాళ్లు మానుకి ఆనించేస్తాం. దాంతో గాఫ్ దాదాపు మానుతో సమాంతరంగా వాలి, బెరడుని చెక్కుకుంటూ బయటికొచ్చేస్తుంది. నడుం ఫ్లిప్‌లైన్‌కి (మానుని చుట్టి నడుం పట్టీకి తగిలించే తాడు) వదిలి వెనక్కి ఆనండి, మోకాళ్లు మానుకి దూరంగా ఉంచండి. తన్నక్కర్లేదు, బరువు మోపితే అదే దిగుతుంది. జానెడు అడుగులు చాలు. తీసేటప్పుడు ఏ దారిన దిగిందో ఆ దారినే పైకి లాగాలి, పక్కకి మెలితిప్పితే బెరడు చీలుతుంది.

పదును ఆకురాయితో చేత్తోనే. గ్రైండర్ వేడికి ఉక్కు గట్టితనం పోయి మొన వంగుతుంది. గాఫ్ మొదలు నుంచి మొనకి, ఒకే దిశలో రుద్దాలి. సూదిలా చేయొద్దు, అలాంటి మొన లోతుగా ఇరుక్కుంటుంది, విరుగుతుంది కూడా. కంపెనీ ఇచ్చే గేజ్ పెట్టి చూసి, పొడవు తక్కువైతే గాఫ్ మార్చేయడమే.

కొత్త_కొమ్మ
థాంక్సండీ. ఫ్లిప్‌లైన్ ఒక్కటీ సరిపోతుందా?

మోకు_ముడి
సరిపోదండీ. రంపం పట్టుకున్నారంటే రెండు కట్లు ఉండాల్సిందే: లోపల స్టీలు తీగ ఉన్న ఫ్లిప్‌లైన్ ఒకటి, మానుకి ఉరి బిగించిన ఎక్కుడుతాడు ఇంకొకటి. స్టీలు తీగ రంపానికి కాసేపు అడ్డుపడుతుందే తప్ప పూర్తిగా ఆపలేదు. చెయ్యి తెగినా, కందిరీగలు లేచినా ఆ ఎక్కుడుతాడు మీద తిన్నగా నేలకి దిగొచ్చు, స్పైకులతో ఒక్కో అడుగూ వెతుక్కోనక్కర్లేదు. ఉరి అయితే గాఫ్ జారినా తాడు మానుని బిగించి పట్టేస్తుంది, ఊరికే చుట్టిన ఫ్లిప్‌లైన్ నున్నటి మాను మీద మీతోపాటే కిందికి జారుతుంది.

ఆకురాయి
ఎండిన చెట్టైతే ఎక్కేముందు సుత్తితో తట్టి చూడండి. బెరడు డొల్లగా మోగితే లోపల విడిపోయిందని అర్థం, ప్రతి అడుగు దగ్గరా దాన్ని చెక్కేసి కర్రలోనే గుచ్చాలి. కర్రే పుచ్చితే ఎక్కొద్దు, లిఫ్ట్ తెప్పించండి. బతకాల్సిన చెట్టుకి కొమ్మలు కత్తిరించడానికి మాత్రం స్పైకులు వాడొద్దు. ప్రతి గుచ్చు బెరడు కింది సజీవ పొరని చంపుతుంది, ఆ గాయాల్లోంచే తెగులు లోపలికి పోతుంది.