మెరూన్ అంటే రంగేనా?

జమైకా చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ‘మెరూన్లు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. చదివేవాళ్లకి ముందు పట్టుచీర అంచు గుర్తొస్తుందేమోనని నా టెన్షన్. రంగు పేరు ఫ్రెంచి ‘మరోన్’ నుంచి వచ్చింది, చెస్ట్‌నట్ కాయ అని అర్థం. మనుషుల పేరు స్పానిష్ ‘సిమరోన్’ నుంచి వచ్చింది. ఫ్రెంచిలో రెండూ ఒకేలా రాస్తారు గానీ చుట్టరికం ఏమీ లేదు. హిస్పానియోలా దీవిలో మంద నుంచి తప్పించుకుని కొండల్లో అడవి పట్టిన పశువుల్ని మొదట సిమరోన్ అన్నారు. యజమానుల నుంచి తప్పించుకున్న మనుషులకీ ఆ మాటే తగిలించారు. ‘పారిపోయిన బానిసలు’ అని రాసేయనా?

— ‘పలుపు తెంచుకున్నవాళ్లు’ అంటే ఎలా ఉంటుందండీ? మూలంలోని పశువూ వస్తుంది, తెంపరితనమూ వస్తుంది.

— మాట బాగుంది గానీ, ఆ తిట్టును మనమెందుకు మోయాలి? జమైకాలోని అకాంపాంగ్ ఊరివాళ్లు ఈరోజుకీ తమను మెరూన్లమనే చెప్పుకుంటారు. ఇక ‘పారిపోయిన బానిసలు’ అస్సలు కుదరదు. 1655లో ఇంగ్లీషువాళ్లు స్పెయిన్ నుంచి జమైకాను లాక్కున్నప్పుడే కొందరు కొండలెక్కారు. 1739 నాటికి అక్కడే పుట్టి పెరిగినవాళ్లున్నారు. వాళ్లు ఎవరి దగ్గర నుంచి పారిపోయినట్టు? కాక్‌పిట్ కొండల్లో వాళ్లను ఓడించలేకే కదా ఇంగ్లీషువాళ్లు ఆ ఏడాది మెరూన్ల నాయకుడు కుజోతో సంధి చేసుకున్నది! అందులో స్వేచ్ఛ, 1500 ఎకరాలు ఉన్నాయి. తోటల నుంచి తప్పించుకొచ్చేవాళ్లను పట్టి అప్పగించాలన్న షరతూ ఉంది. మీ మాట పెట్టి ఆ వాక్యం తెలుగు చేసి చూడండి: ‘పారిపోయిన బానిసలు పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలి.’

— చంపేశారు మాస్టారూ! ఆ షరతు నా వ్యాసంలోనూ ఉంది, రెండు రోజులుగా అక్కడే కొట్టుకుంటున్నాను. మెరూన్లు అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట రెండు ముక్కలు విడమరుస్తాను. మరి ‘ఆబెంగ్’? కొండకీ కొండకీ మధ్య కబురు పంపడానికి ఊదే ఆవు కొమ్ము.

— దానికి మన ‘కొమ్ముబూర’ ఉండనే ఉందిగా. ఆబెంగ్ అన్నా పశ్చిమ ఆఫ్రికాలోని అకాన్ భాషలో కొమ్మే. అన్నట్టు, కుజో పేరును ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘కడ్జో’ అని రాసేరు. అది అకాన్‌వాళ్ల కోజో, సోమవారం పుట్టిన మగపిల్లాడికి పెట్టే పేరు.

— అయితే అదే ఏడాది తూర్పు కొండల్లో సంధి చేసుకున్న మెరూన్ నాయకుడు క్వావో?

— గురువారం.