ఇరుకు గదులంటే భయపడే స్నేహితురాలితో తొలిసారి ఎస్కేప్ రూమ్: బెంగళూరులో ఆడినవారు సలహా ఇవ్వగలరు

ప్రశ్న – కుందలహళ్ళి నివాసి

అందరికీ నమస్కారం. మేము ఐదుగురు స్నేహితులం, మాతోపాటు తెనాలి నుంచి ఈమధ్యే ఉద్యోగానికి వచ్చిన మా బాబాయిగారి అబ్బాయి, మొత్తం ఆరుగురం వచ్చే శనివారం ఇందిరానగర్‌లో ఎస్కేప్ రూమ్ (గదిలోని చిక్కుప్రశ్నలు, తాళాలు గడువులోగా విప్పి బయటపడే ఆట) ఆడాలనుకుంటున్నాం. మాలో ఎవరికీ ఇదివరకు అనుభవం లేదు.

నా మొదటి సందేహం మా స్నేహితురాలి గురించి. మూడేళ్ళ క్రితం ఆమె ఆఫీసు లిఫ్టులో ఇరవై నిమిషాలు ఒంటరిగా ఇరుక్కుపోయింది. అప్పటినుంచి ఎన్ని అంతస్తులైనా మెట్లమీదే వెళ్తుంది. ఆటకు రావాలని తనకూ ఉంది, కానీ గదికి తాళం వేస్తారని విన్నాక నిన్న రాత్రి ఫోను చేసి, "మీరు ఆడి రండి, నేను బయట కూర్చుంటాను" అంది. ఆమెను బయట కూర్చోబెట్టి మేము లోపల ఆడుకోవడం నాకు మనస్కరించడం లేదు. రెండోది, మా తమ్ముడు తెలుగు మాధ్యమంలో చదువుకున్నాడు. ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాడు. చిక్కుప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే ఉంటే గంటసేపు ఊరికే నిలబడిపోతాడేమోనని బెంగగా ఉంది. ఆరుగురం ఒకే గదిలో ఆడవచ్చా అన్నది కూడా చెప్పగలరు.

జవాబు – కోరమంగలలో పదేళ్ళుగా ఉంటున్నాను

ఆరుగురు ఒకే గదిలో ఆడవచ్చు గానీ, నలుగురైతే చేతినిండా పని ఉంటుందని నా అభిప్రాయం. మేము తొలిసారి ఏడుగురం వెళ్ళాం. ఒక చిన్న అల్మారా ముందు నలుగురం గుమిగూడితే వెనకున్నవారికి ఏమీ కనిపించలేదు. ఆ అల్మారాకు మూడు అంకెల చక్రాలున్న ఇత్తడి తాళం ఉంది. నేను 000 నుంచి మొదలుపెట్టి ఒక్కో అంకే తిప్పుతూ కూర్చున్నాను. అలాంటి తాళానికి 1,000 అమరికలు ఉంటాయి కాబట్టి, ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా అరగంట దాటుతుంది. ఆట మొత్తం 60 నిమిషాలే. గోడమీది క్యాలెండరులో మూడు తేదీలకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉండటం మాలో ఒకరు లోపలికి వెళ్ళిన రెండో నిమిషంలోనే చూశారు. అది అలంకారమనుకొని ఎవరితోనూ అనలేదు. ఆ మాట బయటికి వచ్చేసరికి పదిహేను నిమిషాలు పోయాయి.

అందువల్ల నేను ఒకే ఒక్కటి గట్టిగా చెబుతాను: కంటపడిన ప్రతిదాన్నీ, అది ఎంత అల్పంగా తోచినా, అందరికీ వినబడేలా పైకి చెప్పండి. దొరికిన వస్తువులన్నీ ఒకే బల్లమీద పెట్టండి, వాడేసిన తాళంచెవిని దాని తాళానికే వదిలేయండి. ఐదు నిమిషాలపాటు ఎక్కడా అడుగు ముందుకు పడకపోతే హింట్ అడగడానికి సంకోచించకండి. స్విచ్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్ సాధారణంగా ఆటలో భాగం కావు, వాటిని ముట్టుకోవద్దు.

జవాబు – ఇదివరకు గేమ్ మాస్టర్‌గా (ఆటను బయటినుంచి చూస్తూ నడిపించే వ్యక్తిగా) పనిచేశాను

మీ స్నేహితురాలి విషయమే ముందు రాస్తాను, ఎందుకంటే అలాంటి భయంతో వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. నేను పనిచేసిన చోట తలుపును విద్యుదయస్కాంతం పట్టి ఉంచేది. కరెంటు పోతే ఆ పట్టు సడలి తలుపు దానంతటదే తెరుచుకుంటుంది; కరెంటు ఉన్నప్పుడు కూడా పక్కనున్న ఆకుపచ్చ బటన్ నొక్కితే చాలు. ఇంకొన్ని చోట్ల తలుపు ఊరికే చేరవేసి ఉంచుతారు, ఆటగాళ్ళు తెరవాల్సింది లోపలి పెట్టెలను, గదులనే. ఏ కేంద్రంలో ఏ పద్ధతో ఫోనులోనే అడిగి తెలుసుకోండి. ఆట మొదలయ్యే ముందు నియమాలు చెప్పేటప్పుడు, ఆమె భయం సంగతి దాచకుండా చెప్పి, ఆ బటన్‌ను ఆమె చేతనే ఒకసారి నొక్కించండి. తలుపు తన చేతితో తెరుచుకోవడం చూసినవారికీ, తెరుచుకుంటుందని విన్నవారికీ లోపల ఉండే ధైర్యం ఒకటి కాదు. గేమ్ మాస్టర్ కెమెరాల్లో చూస్తూనే ఉంటాడు, మీ మాటలు వింటూనే ఉంటాడు. చేతులకు బేడీలు వేసే జైలు గది, దెయ్యాల గది మాత్రం ఈసారికి వద్దు.

మీ తమ్ముడి గురించి అంత బెంగ అక్కరలేదు. ఈ ఆట పుట్టింది కంప్యూటర్ తెరమీది పజిల్ ఆటల స్ఫూర్తితోనే. 2007లో జపాన్‌లోని క్యోటోలో టకావో కాటో స్క్రాప్ సంస్థ ద్వారా దాన్ని నిజమైన గదిలో, మనుషులు కలిసి ఆడేలా నిర్వహించారు. అందుకే ఇక్కడ చదవాల్సినదానితోపాటు చేత్తో పట్టి చూడాల్సినవి, చెవి పెట్టి వినాల్సినవి, రంగులు, అద్దాలు, అయస్కాంతాలు కూడా ఉంటాయి. కాగితం దొరికినప్పుడు ఒకరు పైకి చదివి, దాని అర్థం తెలుగులో చెప్పండి. మీరు తెలుగులో మాట్లాడుకుంటే ఎవరూ అభ్యంతరపెట్టరు.

జవాబు – వైట్‌ఫీల్డ్, ఇద్దరు పిల్లల తల్లిని

తలుపు సంగతి పైవారు చక్కగా చెప్పారు, కానీ గది తలుపు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. 2019 జనవరి 4న పోలండ్‌లోని కొషాలిన్ అనే ఊరిలో పుట్టినరోజు వేడుకకు ఎస్కేప్ రూమ్‌కు వెళ్ళిన ఐదుగురు పదిహేనేళ్ళ ఆడపిల్లలు అగ్నిప్రమాదంలో చనిపోయారు. మంటలు వాళ్ళున్న గదిలో పుట్టలేదు. పక్కన వేచి ఉండే గదిలో గ్యాస్ లీకై అంటుకున్నాయి. బయటికి వచ్చే దారి అటువైపే ఉండటంతో పిల్లలు లోపలే చిక్కుకొని, కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ప్రాణాలు వదిలారు. నా పిల్లలను తీసుకువెళ్ళే ప్రతిసారీ ఆ సంగతి గుర్తుకొస్తుంది. అందుకే గదినుంచి వీధివరకు దారి ఎలా ఉందో, రెండో దారి ఉందో లేదో, ఆట జరుగుతున్నంతసేపూ కెమెరాల ముందు మనిషి ఉంటాడో లేదో అడిగిన తర్వాతే డబ్బు కడతాను. మీరూ అడగండి.

ఇంకొక్క మాట. మీ స్నేహితురాలు చివరికి రానంటే బలవంతపెట్టవద్దు. రాగలిగితే సంతోషం, రాలేకపోయినా అది తప్పు కాదు.

తదుపరి సమాచారం – కుందలహళ్ళి నివాసి

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మొదట అనుకున్న కేంద్రం వారు రెండో దారి గురించి అడిగితే సరైన జవాబు చెప్పలేదు, కాబట్టి దాన్ని మానుకొని మరోచోట బుక్ చేశాం. పర్పుల్ లైన్ మెట్రోలో వెళ్ళడం వల్ల ట్రాఫిక్ బెడద లేకుండా ఇరవై నిమిషాలు ముందే చేరుకున్నాం. ఆ సమయమంతా తలుపు చూసుకోవడానికే పనికొచ్చింది: మా స్నేహితురాలు ఆ ఆకుపచ్చ బటన్‌ను మూడుసార్లు నొక్కి, మూడుసార్లూ తలుపు తీసి చూసి, అప్పుడు సరేనంది.

ఇద్దరు వేరే ఆటకు వెళ్ళగా మేము నలుగురం ఒక గదిలో ఆడాం. ఆడబోయేవారి ఆట చెడకూడదని గది పేరు రాయడం లేదు. అందులో ఒక తక్కెడ, ఒకేలా కనిపించే ఐదు చిన్న పెట్టెలు ఉన్నాయి. వాటిని బరువు వరుసలో పేర్చాలి. మేము ఏ రెంటిని ముందు తూచాలో కాగితంమీద లెక్కలు వేస్తుంటే, చిన్నప్పటినుంచి బాబాయి కిరాణా కొట్లో కూర్చున్న మా తమ్ముడు రెండేసి పెట్టెలను అరచేతుల్లో పట్టుకొని, కాస్త పైకీ కిందికీ ఆడించి, నిమిషంలో వరుసగా పెట్టేశాడు. తక్కెడలో వేసి చూస్తే ఒక్కటీ తప్పలేదు.

ముప్పై ఐదో నిమిషంలో ఆమె ముఖం మారింది. ఎవరినీ అడగకుండా వెళ్ళి బటన్ నొక్కి, వరండాలో నిలబడి మంచినీళ్ళు తాగి, రెండు నిమిషాల తర్వాత తనంతట తానే లోపలికి వచ్చింది. గంట పూర్తయ్యేసరికి మాకు ఇంకా రెండు తాళాలు మిగిలిపోయాయి. వాటిని గేమ్ మాస్టర్ వచ్చి విప్పి చూపిస్తానన్నప్పుడు వద్దని చెప్పింది ఆమే. వచ్చే నెల మళ్ళీ అదే గదికి బుక్ చేశాం.