ఐసోప్రొపనాల్‌తో దింపిన డీఎన్ఏ పెల్లెట్ వాష్‌లో పోతోంది, ఇథనాల్‌కి మారాలా?

ప్రశ్న

నమూనా 400 మైక్రోలీటర్లు. అందులో పదో వంతు 3 మోలార్ సోడియం అసిటేట్ (పీహెచ్ 5.2), ఆపైన 0.7 వంతు ఐసోప్రొపనాల్ కలిపి, రాత్రంతా మైనస్ 20లో ఉంచి, 12,000 జీ దగ్గర 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతున్నాను. పెల్లెట్ (అడుగున చేరే డీఎన్ఏ ముద్ద) సరిగా కనబడదు. 70 శాతం ఇథనాల్‌తో కడిగాక ఒక్కోసారి అసలే మిగలదు. మిగిలినా స్వచ్ఛతను చూపే 260/230 నిష్పత్తి 0.9 దాటడం లేదు. పైగా జెల్ వెల్‌లో (నమూనా పోసే గుంటలో) వేస్తే నమూనా పైకి తేలిపోతోంది. ఇథనాల్‌కి మారితే ఇవన్నీ పోతాయా?

జవాబు 1

మారక్కర్లేదండీ. ముందు ఆ మైనస్ 20 మానేయండి.

ఫాస్ఫేట్ల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి డీఎన్ఏ నీళ్లలో కరిగి ఉంటుంది. సోడియం అయాన్లు ఆ ఫాస్ఫేట్లను గట్టిగా పట్టుకోకుండా నీళ్లు అడ్డుపడతాయి. నీళ్ల డైఎలక్ట్రిక్ స్థిరాంకం దాదాపు 80, ఇథనాల్‌ది 25 దగ్గర, ఐసోప్రొపనాల్‌ది 20 లోపు. ఆల్కహాల్ పెరిగేకొద్దీ అడ్డు తొలగి, సోడియం అతుక్కుని, డీఎన్ఏ ద్రావణం నుంచి విడివడి దిగిపోతుంది. అందుకే ఇథనాల్ రెండున్నర రెట్లు పోయాల్సిన చోట ఐసోప్రొపనాల్ 0.7 వంతు చాలు.

మీ లెక్కే చూడండి. అసిటేట్‌తో కలిపి 440. దానికి ఇథనాల్ 1,100 పోస్తే మొత్తం 1,540, అంటే 1.5 మిల్లీలీటర్ల ట్యూబులో పట్టదు. ఐసోప్రొపనాల్ అయితే 308, మొత్తం 748.

కాకపోతే ఆ బలమే ఉప్పును కూడా లాగేస్తుంది, చల్లగా ఉంటే మరీ ఎక్కువ. గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు ఉంచి వెంటనే తిప్పండి.

జవాబు 2

ఐసోప్రొపనాల్ పెల్లెట్ గాజులా పారదర్శకంగా ఉంటుంది, గోడకు గట్టిగా అంటుకోదు. ట్యూబు మూత కీలు బయటి వైపుకు వచ్చేలా రోటర్‌లో పెడితే, కనబడకపోయినా పెల్లెట్ కీలు వైపు అడుగునే ఉంటుంది. పిపెట్ మొనను ఎదుటి గోడకు ఆనించి ద్రవం తీయండి. ఇథనాల్ పోశాక పెల్లెట్ తెల్లబడి ఊడిపోవడం మామూలే. అలాగే వంపేస్తే పోయినట్టే, అందుకే వాష్ తరవాత మళ్లీ 5 నిమిషాలు తిప్పడం తప్పనిసరి.

ఇంతకీ ఆ 70 శాతం ఎలా కలిపారు?

ప్రశ్న అడిగినవారు

95 శాతం ఇథనాల్ 70 మి.లీ., నీళ్లు 30 మి.లీ. కలిపి నెలయింది.

జవాబు 2

అది 70 శాతం కన్నా తక్కువే. నెల రోజులు సీసా తెరుస్తూ మూస్తూ ఉంటే ఆవిరై ఇంకా తగ్గి ఉంటుంది. వాష్‌లో నీళ్లు ఎక్కువైతే, ఉప్పు కూడా లేదు కాబట్టి, డీఎన్ఏ కరగడం మొదలవుతుంది, చిన్న ముక్కలు ముందు పోతాయి. 95 శాతానిది 73.7 మి.లీ. కొలిచి, నీళ్లతో 100 గీత వరకు నింపండి. నీళ్లు విడిగా కొలిచి పోయకండి, రెండూ కలిసినప్పుడు ఘనపరిమాణం కుంచించుకుపోతుంది. అలాగని నేరుగా 95తో కడిగితే ఉప్పు కరగదు. ఉప్పు పోవడానికి ఆ 30 శాతం నీళ్లు కావాలి.

జవాబు 3

పై ఇద్దరితో ఏకీభవిస్తాను, ఒక్క సందర్భంలో తప్ప. నమూనాలో డీఎన్ఏ నానోగ్రాముల్లోనే ఉంటే రెండు ట్యూబుల్లో పంచి అయినా ఇథనాల్ వాడండి, డీఎన్ఏ దిగడానికి తోడ్పడే గ్లైకోజెన్ 20 మైక్రోగ్రాములు కలపండి, స్పిన్ 30 నిమిషాలకు పెంచండి. రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచడం కన్నా ఎక్కువసేపు తిప్పడమే మేలు చేస్తుంది. నమూనాలో ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్) ఉంటే అసిటేట్ బదులు 0.2 మోలార్ సోడియం క్లోరైడ్ వాడండి. అప్పుడు ఎస్‌డీఎస్ 70 శాతం ఇథనాల్‌లో కరిగే ఉంటుంది. 260/230 తగ్గడానికి గ్వానిడిన్ కూడా కారణం కావచ్చు. లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రావణంలో) అది ఉంటే రెండుసార్లు కడగండి.

జెల్‌లో తేలడం మాత్రం చాలావరకు మిగిలిపోయిన ఆల్కహాల్ పనే. లోడింగ్ డైలో నమూనాను కిందికి దించే గ్లిసరాల్ కూడా ఆల్కహాలే, సాంద్రత 1.26. ఇథనాల్‌ది 0.79. పెల్లెట్ సరిగా ఆరకపోతే వెల్‌లో ఒకటి కిందికి, ఒకటి పైకి లాగుతాయి. ఐసోప్రొపనాల్ ఇంకా నెమ్మదిగా ఆరుతుంది, చివరి వాష్ ఇథనాల్‌తో చేసేది అందుకు కూడా. వాష్ తీసేశాక ఒక్క క్షణం తిప్పి, అడుగున చేరిన చుక్కను సన్నటి మొనతో తీసి, మూత తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఆరబెట్టండి. తెల్లటి పెల్లెట్ అంచులు పారదర్శకంగా మారగానే పీహెచ్ 8 టీఈ (డీఎన్ఏను కరిగించే బఫర్) పోయండి. ఎండి పెళుసుబారిందా, 50 డిగ్రీల దగ్గర పెట్టినా కరగడానికి చాలాసేపు పడుతుంది.