‘పి16 బ్లాక్ పాజిటివ్’ని తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న: గర్భాశయ ముఖద్వారం బయాప్సీ రిపోర్టులో ‘సీఐఎన్ 2, పి16 బ్లాక్ పాజిటివ్’ అని ఉంది. పేషెంటుకిచ్చే తెలుగు కాగితంలో దీన్ని ‘క్యాన్సర్ లక్షణం బలంగా ఉంది’ అని రాశారు. సరేనా అండీ?

పాథాలజీ వైపు నుంచి: వద్దండీ, రెండు చోట్ల తప్పుంది. లక్షణమంటే మనిషికి తెలిసేది: కలయిక తర్వాత రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట. సీఐఎన్ (ముఖద్వారం పైపొర కణాల్లో వచ్చే మార్పు; 1 నుంచి 3 దాకా స్థాయిలు) దశలో సాధారణంగా ఇవేవీ ఉండవు. పి16 స్లైడు మీద రంగు వేస్తేనే కనబడుతుంది. అందుకని ‘సూచిక’ అనాలి. ఇక సీఐఎన్ 2 క్యాన్సర్ కాదు, దానికి ముందుదశ మార్పు.

ఆ సూచిక దేన్ని చెబుతోందో తెలిస్తే మాట దానంతటదే దొరుకుతుంది. పి16 కణవిభజనకు కళ్లెం వేసే ప్రోటీన్. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) 16, 18 లాంటి రకాల్లోని ‘ఈ7’ అనే ప్రోటీన్, మన కణంలో విభజనను అదుపు చేసే ‘ఆర్‌బీ’ ప్రోటీన్‌ని పనిచేయనివ్వదు. ఆర్‌బీ పోయాక పి16 విపరీతంగా తయారవుతుంది, కానీ దాని కళ్లెం ఇక పనిచేయదు. అటు వైరస్‌దే మరో ప్రోటీన్ ‘ఈ6’, కణాన్ని క్యాన్సర్ నుంచి కాపాడే ‘పి53’ ప్రోటీన్‌ని నాశనం చేస్తుంది. అంటే వైరస్ ఊరికే వచ్చి ఉండటం కాదు, కణవిభజనను తన చేతిలోకి తీసుకుంది.

అనువాదం చేసేవారు: ‘బ్లాక్’ని మాత్రం అలాగే వదలకండి. ‘ట్యూబులు బ్లాక్ అయ్యాయి’ అన్న మాట మన ఆడవాళ్లు రోజూ వినేదే. ఇక్కడా గర్భసంచిలో ఏదో మూసుకుపోయిందనే అనుకుంటారు.

పాథాలజీ వైపు నుంచి: నిజమే. ఇక్కడ బ్లాక్ అంటే అట్టడుగు పొర నుంచి పైకి, మందంలో కనీసం మూడో వంతు దాకా, తెగకుండా ముదురుగా రంగు పట్టడం. అక్కడక్కడ మచ్చలుగా పడితే నెగెటివే. ఈ తేడా చూడక ‘పాజిటివ్’ అని రాసేస్తే అనవసరంగా ఆపరేషన్ దాకా వెళుతుంది. సీఐఎన్ 1లోనూ కొన్నిట్లో పి16 పాజిటివ్ వస్తుంది. అంతమాత్రాన దాన్ని సీఐఎన్ 2 అనరాదు. ముట్లుడిగాక పొర పలచబడి ముందుదశ మార్పులా కనబడినప్పుడు మాత్రం పి16 చాలా ఉపయోగం. ఒట్టి పలచబడటమే అయితే బ్లాక్ రాదు.

ప్రశ్న: మరి ‘పి16/కెఐ-67 డ్యూయల్ స్టెయిన్’?

పాథాలజీ వైపు నుంచి: అది పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి గీకి తీసే పరీక్ష) కణాల మీద చేసేది. కెఐ-67 విభజన జరుగుతోందని చెబుతుంది, పి16 ఆపమంటుంది. మామూలు కణంలో రెండూ కలిసి ఉండవు. ఒకే కణంలో రెండు రంగులూ కనబడితేనే పాజిటివ్. పక్కపక్క కణాల్లో ఒక్కోటి ఉంటే లెక్కలోకి రాదు. కాబట్టి ‘జంట రంగు’ అని ఆగకుండా ‘ఒకే కణంలో రెండు సూచికలు’ అని రాయండి.

అనువాదం చేసేవారు: అయితే మొదటి రిపోర్టుకి ఇలా రాస్తే: ‘గర్భాశయ ముఖద్వారం పైపొరలో క్యాన్సర్‌కు ముందుదశ మార్పు (సీఐఎన్ 2) ఉంది. ఇది క్యాన్సర్ కాదు. హెచ్‌పీవీ వల్ల కణాల్లో పెరిగే పి16 అనే సూచిక అడుగు పొర నుంచి తెగకుండా కనిపించింది.’

పాథాలజీ వైపు నుంచి: బావుంది. ‘గర్భాశయం’ దగ్గర ‘ముఖద్వారం’ ఎక్కడా జారిపోనివ్వకండి. గర్భసంచి లోపలి పొరలో వచ్చే సీరస్ అనే రకం క్యాన్సర్‌లోనూ పి16 గట్టిగా పడుతుంది, దానికీ హెచ్‌పీవీకీ సంబంధం లేదు.