బెంగళూరు, చెన్నై ఎమ్మారై డేటా కలపాలి: ఏడీసీ విలువలు కుదరడం లేదు, ముందు ఏం చేయాలి?

ఇందిరానగర్_డిఫ్యూజన్ (ప్రశ్న)
బెంగళూరులో ఒక ఆసుపత్రి, చెన్నైలో ఒకటి కలిసి గ్లయోమా (ఒక రకం మెదడు కణితి) మీద పని మొదలుపెట్టాయి. రేడియేషన్ ఇచ్చాక కణితి లొంగుతోందో లేదో, సైజు మారకముందే ఏడీసీ (కణజాలంలో నీరు ఎంత సులువుగా కదులుతోందో చెప్పే ఎమ్మారై కొలత) చూసి చెప్పగలమా అన్నది అసలు ప్రశ్న. మిషన్ అయస్కాంత బలం ఇక్కడ 3 టెస్లా, అక్కడ 1.5 టెస్లా, కంపెనీలూ వేరు. బి విలువలు (నీటి కదలికని స్కాన్ ఎంత గట్టిగా పట్టాలో చెప్పే సెట్టింగు) రెండుచోట్లా 0, 1000. అయినా జబ్బు లేని వైపు తెల్ల పదార్థంలోనే తేడా వస్తోంది. కోంబ్యాట్ (సైట్ల మధ్య తేడాలు లెక్కల్లో సరిచేసే పద్ధతి) పెడితే సర్దుకుంటుందని ఇంజినీర్లు, ముందు ప్రోటోకాల్ చూడాలని రేడియాలజిస్టులు అంటున్నారు. ఏది ముందండీ?

అడయార్_ఫిజిసిస్ట్
రెండూ కాదు. ముందు మిషన్లు నిజం చెబుతున్నాయో లేదో తేల్చండి. దానికి ఐస్ నీళ్లు చాలు. 0 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి ఏడీసీ సెకనుకు 0.0011 చదరపు మిల్లీమీటర్లు, ఏ ఊళ్లోనైనా అంతే. గది వేడిలో పెట్టిన సీసాతో ఈ పని కాదు. నీటి ఏడీసీ డిగ్రీకి 2 శాతానికి పైగా మారుతుంది, మన రెండు ఊళ్ల స్కాన్ గదుల్లో ఏసీ ఒకేలా ఉండదు.

మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో డిస్టిల్డ్ వాటర్ నింపిన ట్యూబు, చుట్టూ నలగ్గొట్టిన ఐసు, ఆ సందుల్లో నీళ్లు. ఐసులో ఉప్పు కలిస్తే ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి పోతుంది, కాబట్టి కలవనివ్వొద్దు. ట్యూబులో గాలి బుడగ ఉంటే ఈపీఐ (డిఫ్యూజన్‌కి వాడే వేగమైన స్కాన్) బొమ్మ అక్కడే వంకర పోతుంది. కనీసం గంట ఆగి హెడ్ కాయిల్‌లో పెట్టండి, ట్యూబు మాగ్నెట్ నట్టనడి, అంటే ఐసోసెంటర్‌లో ఉండాలి. కదపకుండా నాలుగుసార్లు తీయండి. ఇమేజింగ్ కొలతలకి ప్రమాణాలు రాసిన క్యూఐబీఏ అనే బృందం పెట్టిన హద్దు 0.0011కి అటూ ఇటూ 0.00004. ఎక్స్, వై, జెడ్ దిశల్లో విడివిడిగా ఏడీసీ లెక్కించండి. ఒక్క దిశే తేడాగా ఉంటే ఆ గ్రేడియంట్ (ఆ దిశలో అయస్కాంత క్షేత్రాన్ని మార్చే కాయిల్) కాలిబ్రేషన్ తప్పినట్టు, సర్వీస్ ఇంజినీరుని పిలవాలి. తర్వాత టేబుల్ జరిపి, సెంటర్‌కి దూరంగా మళ్లీ తీయండి. అక్కడ మాత్రమే విలువ మారితే అది గ్రేడియంట్ నాన్‌లీనియారిటీ, అంటే సెంటర్‌కి దూరంలో గ్రేడియంట్ బలం తప్పడం.

యూనిట్లు కూడా చూడండి. అదే 0.0011ని ఒక మిషన్ 1100 అని, ఇంకోటి 1.10 అని చూపిస్తుంది.

పాక్స్_జయనగర్
ఫైళ్లు పంపేటప్పుడు జరిగే తప్పు ఒకటి చెప్పాలి. రోగి పేరు తీసేసే సాఫ్ట్‌వేర్ ప్రైవేట్ ట్యాగ్‌లన్నీ (కంపెనీలు ఫైల్లో సొంతంగా పెట్టే వివరాలు) ఊడ్చేస్తే బి విలువలూ పోవచ్చు. సీమెన్స్‌లో అవి 0019,100సి దగ్గర, జీఈలో 0043,1039 దగ్గర ఉంటాయి. జీఈలో 1000 బదులు 1000001000 అని కనిపిస్తే కంగారు పడొద్దు, ముందున్న వంద కోట్లు తీసేస్తే అసలు విలువ వస్తుంది. ఫిలిప్స్ అయితే స్కేల్ స్లోప్ (ఫైల్లోని సంఖ్యని అసలు సిగ్నల్‌గా మార్చే గుణకం) కూడా ప్రైవేట్ ట్యాగ్‌లోనే ఉంటుంది, 2005,100ఈ. వైద్య బొమ్మల ఫైళ్లకి ఉన్న డైకామ్ ప్రమాణంలో సేఫ్ ప్రైవేట్ ట్యాగ్‌లు ఉంచే ఆప్షన్ ఉంది, అది పెట్టుకోండి.

తేదీలు చెరపొద్దు. ఒక రోగి స్కాన్లన్నీ ఒకే సంఖ్య రోజులు వెనక్కి జరపండి, లేకపోతే రేడియేషన్‌కీ స్కాన్‌కీ మధ్య ఎన్ని రోజులో తెలియదు. పలుచని టీ1 (నిర్మాణం స్పష్టంగా చూపే ఎమ్మారై) స్లైసులతో ముఖం తిరిగి కట్టేయొచ్చు, కాబట్టి డీఫేస్ చేయండి, అంటే ముఖం భాగం చెరిపేయండి. టెక్నీషియన్ చేత్తో టైప్ చేసిన కామెంట్స్, సిరీస్ పేర్లు, ఫోల్డర్ పేర్లు మనిషే చదివి చూడాలి. అసలు పేరుకీ కోడ్‌కీ లంకె ఉన్న షీటు పంపిన ఆసుపత్రి గడప దాటకూడదు. రెండు ఎథిక్స్ కమిటీల అనుమతి ఉండాలి. విదేశీ భాగస్వామి ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ సంగతీ చూసుకోండి.

న్యూరోరేడియో_మైలాపూర్
కణితి చుట్టూ గీత ఎక్కడ గీస్తున్నారో రాసిపెట్టుకున్నారా? ఒకరు ఎడీమా (చుట్టూ ఉన్న వాపు) కలుపుకుని, ఇంకొకరు కాంట్రాస్ట్ తీసుకున్న భాగం మాత్రమే గీస్తే ఆ తేడాని ఏ లెక్కా సరిచేయలేదు. నెక్రోసిస్‌లో (చచ్చిపోయిన కణజాలంలో) నీరు ఎక్కువ, సగటుని పైకి లాగేస్తుంది. పైగా అలాంటి చోట బి 1000 దగ్గర సిగ్నల్ నాయిస్‌లో కలిసిపోతే ఏడీసీ తక్కువగా వస్తుంది, 1.5 టెస్లాలో ఆ భయం ఎక్కువ. 20 కేసులు రెండు ఊళ్ల వాళ్లూ విడివిడిగా, రోగి తర్వాత ఏమయ్యాడో తెలియకుండా గీయాలి. డైస్ స్కోరు (రెండు గీతలు ఎంత కలిశాయో చెప్పే కొలత) తక్కువ వచ్చినవి పక్కపక్కన పెట్టుకుని ఒక్క గంట కాల్‌లో మాట్లాడుకోండి, నియమం తిరగరాయండి. ఆ తర్వాతే మిగతా కేసులు.

గణాంకాలు_తరమణి
కోంబ్యాట్ 2007లో జన్యు డేటా కోసం వచ్చిన పద్ధతి. సైటు వల్ల వచ్చే సగటు, వ్యాప్తి తేడాలు సరిచేస్తుంది. కానీ ముదిరిన కేసులన్నీ చెన్నైవి, తొలిదశవన్నీ బెంగళూరువి అయితే ఏది జబ్బు, ఏది మిషన్ అన్నది దానికి తెలియదు, జబ్బునే తుడిచేస్తుంది. రెండే సైట్లున్న మీ దగ్గర ఊరు, టెస్లా, కంపెనీ మూడూ ఒకే ముడి. దాన్ని విప్పాలంటే అయిదారుగురు ఆరోగ్యవంతులను వందే భారత్ ఎక్కించి, కొద్ది రోజుల తేడాలో రెండుచోట్లా స్కాన్ చేయించడం మేలు (ఎథిక్స్ దరఖాస్తులో ముందే రాయండి). టెస్ట్ కేసులు (మోడల్‌ని చివర్లో పరీక్షించడానికి దాచినవి) విడదీశాకే కోంబ్యాట్ నడపండి, ముందే నడిపితే టెస్ట్ సమాచారం మోడల్‌లోకి జారుతుంది.

ఇందిరానగర్_డిఫ్యూజన్
మొత్తం అందరికీ కృతజ్ఞతలండీ. ఐస్ ఫాంటమ్‌తో (ఆ ఐస్ నీళ్ల డబ్బాతో) మొదలుపెడతాం. ఒకే డబ్బా రెండు ఊళ్లకూ వాడాలా?

అడయార్_ఫిజిసిస్ట్
డబ్బా, ట్యూబు ఒకటే అయితే మంచిది. ఐసు మాత్రం ఏ ఊళ్లో కొన్నా ఫరవాలేదు. మూత చుట్టూ టేపు వేసి, కాయిల్‌లో కింద పీల్చే షీటు పరవండి, నీరు కారితే కాయిల్ పాడవుతుంది. స్కాన్ అయ్యాక మూత తీసి చూడండి. ట్యూబు చుట్టూ ఐసు ముక్కలు ఇంకా కనిపిస్తుంటేనే ఆ రీడింగు ఉంచండి, కరిగిపోయి ఉంటే కొట్టేసి మళ్లీ తీయండి.